వంపు తీసేసిన పైపు

మా ముత్తాత వెంకట్రామారావు గారు బూరుగుపల్లికి, దాని చుట్టూ ఉన్న మరి మూడు ఊళ్లకు మాలీ పటేలు. శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు వెళ్లేది. ఆయన కొడుకు గోపాలరావు గారు, అంటే మా తాత, పటేలుగిరీ రద్దయిన తర్వాత కూడా బతికినన్నాళ్లూ పటేలుగానే బతికారు. ఊళ్లో ఏ తగువైనా ఆయన అరుగు మీద తెగవలసిందే. ఆయన చెప్పులు విడిస్తే తీసి పక్కన పెట్టడానికి ఒక మనిషి, చేతులు కడుక్కుంటే చెంబు పట్టుకోవడానికి మరొక మనిషి ఉండేవారు. ఆయన కొడుకు, మా బాపు, గోదావరిఖనిలో బొగ్గు బావి మీద మస్టరు రాసే గుమాస్తా. బావిలోకి దిగబోయే కూలీల పేర్లు కిటికీలోంచి విని పుస్తకంలో టిక్కు పెట్టడం ఆయన ఉద్యోగం. నేను ఆయన ఒక్కగానొక్క కూతురిని. మా వంశం గురించి చెప్పవలసింది ఇంతే. దీన్ని పెంచి చెప్పే అలవాటు నాకు లేదు, తగ్గించి చెప్పవలసిన అవసరమూ లేదు.

పోయిన ఏడాది పెద్దపల్లిలో నేను అద్దెకుంటున్న ఇంట్లో వంటగట్టు సింకు నిండిపోయింది. నీళ్లు దిగడం లేదు. ఇంటాయన పంపిన ప్లంబరు వచ్చి, గట్టు కింద గొంతుకూర్చుని, అక్కడున్న వంపు పైపు మరలు విప్పి, దానిలో ఉన్నదంతా దగ్గరలో కనబడిన గిన్నెలోకి ఒంపాడు. అది నేను పెరుగు తోడుపెట్టుకునే గిన్నె. నల్లటి జిగురు, ఉబ్బిన మెతుకులు, కరివేపాకు ఈనెలు, పైన మైనంలా గడ్డకట్టిన నూనె పొర. ఇంకో సందర్భంలో అయితే ఆ మనిషిని గడప దాటేదాకా తిట్టి ఉండేదాన్ని. కానీ ఆ రోజు గిన్నెలోంచి లేచిన వాసన నాకు బాగా తెలిసిన వాసన. మురిగిన అన్నం, పాత నూనె, తడి గుడ్డ, వీటన్నిటి కిందా కుళ్లిన గుడ్డు లాంటిది ఇంకేదో. వెనకగదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, కాసేపు మంచం మీద కూర్చున్నాను.

బూరుగుపల్లి ఇంట్లో పైపు అనే వస్తువే లేదు. వంటింటి వెనక జాలారు ఉండేది. పెద్ద రాతిబండ, దాని చుట్టూ జానెడు గట్టు. గిన్నెలు తోమినా, బియ్యం కడిగినా, చేతులు కడిగినా అక్కడే. బండ మూలనుంచి రాతి మోరి ఒకటి బయలుదేరి గోడకున్న బెజ్జంలోంచి బయటికి పోయేది. గోడ అవతల ఏముందో నాకు తెలియదు. వారానికి ఒకసారి అవతలనుంచి పార రాతిని గీరే చప్పుడు వినిపించేది, కాసేపటికి మోరిలో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా గుడగుడమని జారిపోయేవి. ఎవరో మోరి తీస్తున్నారన్న మాట. తీసేవాళ్లు లోపలికి వచ్చేవాళ్లు కారు, మేము బయటికి వెళ్లి చూసేవాళ్లం కాము. పండగకు గోడ మీదుగా ఒక చాటెడు బియ్యం, పాత చీర అందించడం మాత్రం బాపమ్మ మరిచేది కాదు. బాపమ్మ అంటే మా నాన్న తల్లి. అమ్మ నాకు ఊహ తెలిసేసరికే పోయింది కాబట్టి నన్ను పెంచింది ఆమే. చద్దికుండ, పాలగిన్నె, పచ్చళ్ల జాడీ దేనికదే ఎడంగా ఉండాలి. ఎంగిలి సోకిన చేయి గాలిలో ఊగినా ఆమె కళ్లు ఎర్రబడేవి. శుభ్రంగా ఉండడమంటే మురికి మన కంటికి కనబడకుండా గోడ దాటిపోవడమని నేను ఆ ఇంట్లో నేర్చుకున్నాను.

తర్వాత ఓపెన్ కాస్టు వచ్చింది, అంటే నేలంతా పెద్ద గుంటగా తవ్వి బొగ్గు తీసే గని. బొగ్గు మా ఊరి కిందే ఉందని తేల్చారు. పొలాలు, ఇళ్లు, తాత కూర్చున్న అరుగు, అన్నీ ఆ గుంటలోకే పోయాయి. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగమని కంపెనీ లెక్క. ఆ జాబితాలో మా బాపు పేరు ఉన్న కాగితం మీదే, నాలుగు వరుసల కింద, రాజలింగు పేరు కూడా ఉంది. రాజలింగు తండ్రి మా ఇంట్లో జీతగాడు. మా బర్లు కాసి, మా పొలం దున్ని, మా పశువుల కొట్టంలోనే ప్రాణం విడిచాడు. ఆ ఇంటికీ కొంచెం పట్టా ఉందని మాకు ఆ కాగితం చూసేదాకా గుర్తు లేదు. చదువుంది కాబట్టి బాపుకు కిటికీ వెనక కుర్చీ ఇచ్చారు. రాజలింగు బావిలోకి దిగాడు.

క్వార్టర్లు ఇచ్చేటప్పుడు బాపమ్మ మోకాళ్ల నొప్పుల వల్ల కింది ఇల్లే కావాలని బాపు అడిగి మరీ తీసుకున్నారు. పది రోజులకు పై ఇంట్లోకి మంచాలు, మూటలు ఎక్కుతుంటే తొంగి చూసిన బాపమ్మ ముఖం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రాజలింగు, వాడి పెళ్లాం, వాడి తల్లి పోశవ్వ. బాపమ్మ లోపలికొచ్చి నిలబడే అన్నది, "మన లింగడు మన నెత్తి మీదికెక్కిండు." బాపు ఏమనగలరు? క్వార్టరు కంపెనీది.

నెత్తి మీద నడక కంటే ఘోరమైనది ఇంకొకటి ఉందని నెమ్మదిగా తెలిసింది. పై ఇంటి నీళ్లు దిగే ఇనుప పైపు మా వెనక వసారా మూలలో గోడను ఆనుకుని కిందికి వచ్చి, పెరట్లోని మురుగునీళ్ల చాంబరులో పడేది. దాని అతుకుల దగ్గర ఎప్పుడూ చెమట పట్టినట్టు తడి. ఆ తడి మీద పచ్చటి పాకుడు. మొదటి షిఫ్టు వదిలాక రాజలింగు ఇంటికొచ్చి స్నానం చేసేవాడు. బొగ్గు కడిగిన నీళ్లు ఆ పైపులో ఒకేసారి దిగుతుంటే పెద్ద జంతువేదో గుటకలు వేస్తున్నట్టుండేది. వసారాలో చదువుకుంటున్న నేను పుస్తకం మూసి లోపలికి పోయేదాన్ని. నీళ్లు నా మీద పడకపోయినా చేతులు కడుక్కునేదాన్ని. వాళ్లు చేపలు కడిగిన రోజు తెలిసేది. కోడిని కోసిన రోజు తెలిసేది. ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటివాళ్ల గురించి అంత తెలుసుకోవలసిన అవసరం లేదు.

దేవుడికి దీపం పెడుతుండగా పైపు మోగితే బాపమ్మ మళ్లీ తల మీద నీళ్లు పోసుకునేది. ఇది పోశవ్వకు ఎలాగో తెలిసింది. అప్పటినుంచి ముసలామె నీళ్లు పారబోసే ముందు మెట్ల మీదికొచ్చి అడిగేది.

"దొర్సానీ! పూజయిందా? నీళ్లొంపుతున్న!"

"ఆగు, హారతియ్యలే ఇంక," అని బాపమ్మ లోపలినుంచి.

"సరె, ఆగిన. అయినంక ఓ కేకెయ్యి."

ముసలామె నిండు బకెట్టు పక్కన పెట్టుకుని మెట్ల మీదే కూర్చునేది. మాకు అది న్యాయంగానే అనిపించింది. రాజలింగు ఒకరోజు సెకండు షిఫ్టు ఉండి ఇంట్లోనే ఉన్నాడు. తల్లి కేక విని బయటికొచ్చాడు.

"అవ్వా, ఏంది గది? పైపు కంపెనీది. నీళ్లు కంపెనీయి. నువ్వు అడుగుడేంది?"

"ఊకో బిడ్డా. పెద్దమనిషి, పూజల ఉన్నది."

"గాళ్ల దేవునికి మన నీళ్లు పడకుంటె ఇంకో క్వార్టరు జూసుకొమ్మను," అని వాడు బకెట్టు ఎత్తి ఒక్కసారిగా గుమ్మరించాడు. పైపు అదిరింది. బాపమ్మ హారతి పళ్లెం కింద పెట్టేసింది.

కొంతకాలానికి మా వంటింటి పైపు పగిలింది. అది పాత సిమెంటు పైపు, తూటు పడి గోడంతా చెమ్మెక్కింది. కంపెనీ సివిలు వాళ్లు దాసు అనే ఫిట్టరును పంపారు. ఆ కాలనీలో అందరికీ అతను దాసు తాతే. అతని తండ్రి కూడా బావి మీదే చేశాడట. ఆదివారం తెల్ల చొక్కాతో చర్చికి, మిగతా ఆరు రోజులు నూనె మరకల చొక్కాతో మా పెరళ్లకు వచ్చేవాడు. పాత పైపు ఊడదీసి, ప్లాస్టిక్కుది కొత్తది బిగించి, గట్టు కింద మెడ తిప్పినట్టున్న వంపు ఒకటి పెట్టి బంక పూస్తున్నాడు. బాపమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది.

"దాసూ, గా వంపెందుకు?"

"గండ్ల కొన్ని నీళ్లు నిలుస్తయమ్మా."

"ఎన్ని రోజులు నిలుస్తయి?"

"ఎప్పటికీ. పాతయి పోతయి, కొత్తయి నిలుస్తయి."

"ఏం నీళ్లు?"

దాసు నవ్వాడు. "ఏం నీళ్లంటె? మీరు గిన్నెలు కడిగిన నీళ్లే."

"అంటె ఎంగిలి నీళ్లు నా పొయ్యి పక్కన రాత్రీ పగలూ నిలవబెడుతవా? తియ్యి."

"గట్ల కాదు దొర్సానీ, గది ఎందుకంటె..."

"నాకు చెప్తవా నువ్వు? మా ఇంట్ల మెతుకు నిలవ ఉంచం, ఎంగిలి నీళ్లు ఉంచుతమా? తియ్యి. సక్కగ పెట్టు. పోసింది పోసినట్టె బయటికి పోవాలె."

దాసు బాపు వైపు చూశాడు. బాపు పేపరులోంచి తలెత్తకుండా "ఆమె చెప్పినట్టు చెయ్యి" అన్నారు. దాసు నా వైపు కూడా చూశాడు. నేను అప్పటికి ఇంటర్మీడియట్ సైన్సు చదువుతున్నాను. వంపు ఎందుకు పెడతారో అడిగితే అతను ఒక్క నిమిషంలో చెప్పేవాడు. పనివాడిని ప్రశ్న అడగడం మా ఇంట్లో లేదు. అతను వంపు ఊడదీసి సంచిలో వేసుకుని, నిలువు పైపు తిన్నగా చాంబరులోకి దింపి, "మీ ఇష్టం తల్లీ" అని వెళ్లిపోయాడు. బాపమ్మ చెంబెడు నీళ్లు పోసి చూసింది. సర్రున దిగిపోయాయి. ఆమె సంతోషించింది.

వారం తిరిగేసరికి వాసన మొదలైంది. మొదట ఎలుక చచ్చిందనుకుని డబ్బాలన్నీ దించాను. తర్వాత గట్టు కడిగాను, ఫినాయిలు పోశాను, కర్పూరం వెలిగించాను. కర్పూరం వాసన, ఫినాయిలు వాసన, ఆ కుళ్లు వాసన మూడూ కలిసి దేనికదే విడిగా తెలుస్తూ ముక్కులో కూర్చునేవి. మబ్బు పట్టిన రోజు మరీ దారుణం. నీళ్లు దిగే బెజ్జానికి గుడ్డ కుక్కితే ఆ గుడ్డ చుట్టూ బొద్దింకలు మూగేవి. గుడ్డ లాగితే అది జిగటగా సాగి చేతికి అంటుకునేది. పప్పులో ఆ వాసన, మజ్జిగలో ఆ వాసన, ఉతికి ఆరేసిన నా ఓణీలో ఆ వాసన. కాలేజీలో పక్కన కూర్చున్న అమ్మాయి కొంచెం జరిగితే నేను ఓణీ కొంగు వాసన చూసుకునేదాన్ని. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయిన రోజులు ఎన్నో. ఒకసారి కరీంనగర్ నుంచి మా మేనమామ వచ్చారు. కాళ్లు కడుక్కుని లోపలికి రాబోయి, గడపలోనే ఆగి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "బయట వరండల వడ్డించు బిడ్డా, గాలిగ ఉంటది" అన్నారు. వడ్డించాను. విస్తట్లో సగం వదిలేసి, బస్సు టైమైందని లేచారు. ఆ బస్సుకు ఇంకా రెండు గంటలుంది.

వాసన ఎక్కడిదో మాకు అనుమానమే రాలేదు. పై ఇంటిది. చేపలు కడిగేది వాళ్లు, కోడిని కోసేది వాళ్లు, పైపు దిగేది మా గోడ మీదుగా. పైగా పోశవ్వకు షుగరు. కాలికి పుండు పడి మానడం లేదు. కంపెనీ దవాఖాన మా వీధి చివరే కాబట్టి వారానికి రెండుసార్లు తనే కర్ర పట్టుకుని వెళ్లి కట్టు కట్టించుకుని వచ్చేది. మధ్యలో ఇంట్లో వేపాకు నీళ్లతో కడుక్కునేది. ఆ నీళ్లు కూడా ఆ పైపులోనే.

క్వార్టర్ల ఆఫీసుకు అర్జీ పెట్టాలని బాపు నిర్ణయించారు. నా అక్షరాలు బాగుంటాయని నన్ను రాయమన్నారు. పై ఇంటివారి వల్ల దుర్వాసన భరించలేకున్నామని, వారిని మరొక చోటికి మార్చవలసిందని ఆయన చెప్పినంతా రాశాను. ఆయన చెప్పడం ఆపాక నాకు చాలదనిపించింది. నా సొంతంగా ఒక వాక్యం కలిపాను: "పుండు కడిగిన నీళ్లు సైతం మా వంటింటి గోడ గుండా పోవుచున్నవి." చదివి వినిపిస్తే బాపు తల ఊపారు. ఆ ఆఫీసులో ఒక పెద్దమనిషి మా తాతను ఎరిగినవాడు. తర్వాత బాపుతో అన్నాడట, ఆ ఒక్క మాట చదివాక ఇంకేమీ చూడబుద్ధి కాలేదని. తనిఖీకి ఎవరూ రాలేదు. రాజలింగును పాత లైన్లకు మారుస్తూ కాగితం వచ్చింది. పాత లైన్లంటే ఊరి అవతలి కొసన రేకుల గదులు, వీధికి ఒక నల్లా, దవాఖానకు రెండు ఆటోలు మారాలి.

కాగితం అందిన సాయంత్రం రాజలింగు కిందికి దిగివచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"పటేలా, గిది నువ్వు పెట్టిచ్చినవా?"

"వాసన వస్తుంది రాజలింగూ. ఇంట్ల ఉండలేకపోతున్నం," అన్నారు బాపు.

"మాకు చెప్పకపోయినవా? రోజు మస్టర్ల నా పేరు రాస్తవు. కిటికీల మొకం మొకం జూసుకుంటం. ఒక్క మాట అనకపోయినవ్."

"అంటే ఏం జేసేటోనివి?"

"కడిగిచ్చేటోన్ని. పైపు మార్పిచ్చేటోన్ని. అవ్వకు దవాఖాన దగ్గరున్నదని ఈ క్వార్టరు పట్టుకున్న పటేలా. గా లైన్లకెల్లి అవ్వ నడిచి రాలేదు. నేను డ్యూటీకి పోతె ఎవలు తీస్కపోతరు?"

లోపలినుంచి బాపమ్మ, "అయిందేదో అయింది, పొమ్మను" అన్నది.

మూడో రోజు ట్రాలీలో సామాను ఎక్కించారు. పోశవ్వ చివర దిగింది. ఒక్కో మెట్టుకూ ఆగుతూ వచ్చి, మా వెనక వాకిట్లో నిలబడి, "దొర్సానీ, పోతున్న" అన్నది. బాపమ్మ గుమ్మంలోకి వచ్చింది. ముసలామె కర్ర మీద ఆనుకుని ముఖం పైకెత్తి రెండుమూడుసార్లు గాలి పీల్చింది.

"ఏది దొర్సానీ, గీ వాసనేనా?"

"గిదే. నీకు తెల్వదా?"

"గిది మా వాసన గాదు." ముసలామె గొంతులో కోపమేమీ లేదు. ఎవరిదో బర్రె తప్పిపోయి వస్తే గుర్తుపట్టి చెప్పినట్టు చెప్పింది. "బూరుగుపల్లిల మీ మోరి నేనే తీసేదాన్ని. గోడవతల. ఇరవై ఏండ్లు తీసిన. మీ ఇంటి మోరి వాసన నాకెరుక. గిది మీదే. లోపటికొచ్చి జూడనా?"

"అక్కర్లే," అని బాపమ్మ తలుపు వేసింది.

గోడవతలి పార చప్పుడు ఈమెదేనని నాకు అప్పుడు తెలిసింది. రెండేళ్లు మా నెత్తి మీదే ఉంది.

పై ఇల్లు ఖాళీ అయి దాదాపు రెండు నెలలైంది. నల్లా కట్టేశారు. ఇనుప పైపు అతుకుల దగ్గర తడి ఆరి, పాకుడు ఎండి, పొట్టు పొట్టుగా రాలింది. పైన ఒక్క చుక్క నీరు లేదు. వాసన అలాగే ఉంది. బాపు అగరుబత్తులు కట్టలు కట్టలుగా తెచ్చేవారు. బాపమ్మ పాత వాసన పోవడానికి టైం పడుతుందని ఒకసారి అన్నది, ఎవరూ అడగకుండానే. నేను మాత్రం ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గట్టు మీదికి వంగి, బెజ్జం దగ్గరికి ముఖం పెట్టాను. లోపలినుంచి వెచ్చటి గాలి నా పెదవుల మీదికి వచ్చింది. పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. ఇప్పటికీ నాకు రోత అంటే ఆ వెచ్చదనమే.

దాసును నేనే పిలుచుకొచ్చాను. అతను గట్టు కింద తల పెట్టి ఒక్కసారి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"గా వంపుల నీళ్లే తలుపు బిడ్డా. నీళ్లు అడ్డమున్నన్ని రోజులు చాంబరుల కంపు లోపటికి రాదు. నేను ఆనాడే చెప్పబోతి, మీ నానమ్మ నోరిప్పనిచ్చిందా? సక్కగ పైపు దించుకున్నరు, కాలనీల ఉన్న కంపంత మీ వంటింట్లకే దావ జేసుకున్నరు."

"ఆపు ఇగ, పెట్టు," అన్నాను.

అరగంటలో వంపు పెట్టాడు. సాయంత్రానికి వాసన లేదు. బాపమ్మ ఆ రోజునుంచి వంటింట్లో పీట వేసుకోవడం మానేసింది. ఎంగిలి నీళ్లు పక్కనున్నాయని కూర్చోలేదా, మరొకందుకా, నేను అడగలేదు.

ఆ వారమే నేను రెండో అర్జీ రాశాను. వాసన మా పైపులోని లోపం వల్ల వచ్చినదని, పై ఇంటివారి తప్పు లేదని, వారిని తిరిగి పిలవవలసిందని. బాపు చదివారు. మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఆఫీసుల ఇయ్యవా బాపూ?"

"ఇచ్చి ఏమని చెప్పాలె? ఇన్ని తరాల ఇల్లు, మోరి కంపు మాదేనని సంతకం పెట్టాల్నా?"

నేను ఇంకో ప్రతి రాసి నేనే ఇవ్వగలిగేదాన్ని. ఆఫీసు మా కాలేజీ దారిలోనే ఉంది. రోజూ దాని ముందునుంచే వెళ్లాను. ఇంకో మూడు నెలలకు పై ఇంట్లోకి మందమర్రినుంచి బదిలీ అయిన కుటుంబమొకటి దిగింది, ఇక రాసినా లాభం లేదని నాకు నేను చెప్పుకున్నాను.

తల్లిని దవాఖానకు తీసుకురావడానికి రాజలింగు వారంలో రెండు షిఫ్టులు నాగా పెట్టేవాడు. ఆ నాగాలు పుస్తకంలో రాసింది మా బాపే. ఒకసారి దవాఖానలో కట్టు కట్టే గది ముందు వాళ్లను చూశాను. ముసలామె బల్ల మీద పడుకుని ఉంది, వాడు ఆమె కాలిని తన ఒళ్లో పెట్టుకుని ఈగలు తోలుతున్నాడు. నేను స్తంభం చాటునుంచి వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత మోకాలి దాకా కాలు తీసేశారని విన్నాను, ఇంకొంతకాలానికి మనిషే పోయిందని విన్నాను. పుండు ముదరడానికి మా కాగితమే కారణమని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను.

ఇప్పుడు నేనుండే ఇంట్లో పైపులన్నీ గోడల్లోపలే ఉన్నాయి. నాలుగంతస్తుల్లో ఎవరి నీళ్లు ఎవరి గోడలోంచి పోతున్నాయో ఎవరికీ తెలియదు, అడిగేవాళ్లూ లేరు. పైన ఎవరుంటారో వాళ్ల ఇంటిపేరు కూడా నాకు తెలియదు. బాపమ్మ ఉండి ఉంటే దీన్ని నరకమనేది. నాకు మాత్రం కొంచెం గుండె నిబ్బరంగా ఉంటుంది. ఎవరినీ పైకి చూసి అసహ్యించుకునే వీలు లేకుండా కట్టారు. ప్లంబరు వెళ్లిన మర్నాటినుంచి వంపు నేనే విప్పి కడుగుతున్నాను. చేతికి తొడుగు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నెలకొకసారి. రోత తగ్గలేదు. తగ్గుతుందని కడగడం లేదు. అందులో ఉన్నది నేను తిన్నదే, నా ఇంటిదే, దాన్ని ఇంకొకరు తీయకూడదని కడుగుతున్నాను.

తెలంగాణ వచ్చిన ఏడాదే బాపు రిటైరయ్యారు. బాపమ్మ అప్పటికి లేదు. క్వార్టరు ఖాళీ చేయాలి, ఎక్కడో ఒకచోట అద్దెకు దిగాలి. బూరుగుపల్లి శివారులో ఓపెన్ కాస్టు గుంటకు బయట మిగిలిన భూమి తుండు ఒకటుంటే బేరం పెట్టారు. కొనడానికి వచ్చినవాడు రాజలింగు. మధ్యవర్తి ఆ పేరు చెప్పినప్పుడు బాపు సరే అన్నారు.

పెద్దపల్లి రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో బెంచీ మీద రాజలింగు కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, తెల్ల చొక్కా, జేబులో పెన్ను. బాపు లోపల వేలిముద్రల దగ్గర ఉన్నారు. నేను ఆ బెంచీ మీదే, ఇవతలి కొసన కూర్చున్నాను. ఎన్నో ఏళ్లుగా నోట్లో పెట్టుకు తిరుగుతున్న మాట చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాను.

"రాజలింగన్నా," అన్నాను. అన్న అనడం అదే మొదలు. "ఆనాటి వాసన మా వంటింటిదే."

అతను నా వైపు తిరిగి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఎరుకేనమ్మా. దాసు తాత మీ ఇంట్ల వంపు పెట్టి సక్కగ మా లైన్లకే వచ్చిండు, చెప్పనీకి. బాయి మీద అందరికెరుకే. మస్టర్ కిటికీ కాడ మావోల్లు తువ్వాల ముక్కుకు పెట్టుకొని పేరు చెప్పేటోల్లు. మీ బాపు జూడలేదా?"

చూశారు. దుమ్ము ఎక్కువైందని, కూలీలు ముక్కుకు గుడ్డ కట్టుకుని వస్తున్నారని అప్పట్లో ఇంటికొచ్చి చెప్పేవారు. అది ఎన్నేళ్లు నడిచిందో లెక్కవేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

"మరి ఆఫీసుల చెప్పకపోయినవా? మల్ల ఆ క్వార్టరే ఇచ్చేటోల్లు గద."

"ఇచ్చి? మల్లొచ్చి మీ నెత్తి మీద నీళ్లొంపుమంటవా?" అని కొంచెం నవ్వాడు. తర్వాత చెప్పులు సరిచేసుకుంటూ అన్నాడు, "అవ్వ ఒక్కసారి అడిగింది. లింగా, దొర్సాని ఇంట్ల వాసన పోయిందారా అని. పోయిందన్న. మంచిగాయె అన్నది. గంతే."

"ఆ తుండుల ఏం జేస్తవు?"

"ఇల్లు కడుత. కంపెనీది గాదు, నాది. ఎవలు కాగితం రాసినా లెవ్వుమననీకి లేదు."

లోపలినుంచి గుమాస్తా మా ఇంటిపేరు పిలిచాడు. నేను లేచి వెళ్లి, బాపు సంతకం కింద సాక్షిగా నా సంతకం పెట్టాను. ఆ రోజు రాజలింగుకు మేము అమ్మింది ఎకరం పది గుంటలు. బూరుగుపల్లిలో మా పేరున మిగిలిన భూమి అంతే.